లాఖోళి పప్పు తింటే కాళ్లే ఎందుకు పోతాయి? మగవాళ్లకే ఎందుకు?

సిరొంచా_శీను
మా మేనమామకు డెబ్బై దాటాయి. ఇరవై ఏళ్ల వయసు నుంచీ ఆయన నడక అంతే. మడమలు నేలకు ఆనవు, మునివేళ్ల మీదే నడుస్తాడు. అడుగు తీస్తే మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. చెప్పులు కొంటే ముందు భాగం చిల్లు పడుతుంది, మడమ దగ్గర కంపెనీ ముద్ర కూడా చెరగదు. చేతుల్లో బలం ఉంది, మాట స్పష్టంగా ఉంది, జ్ఞాపకం మా అందరికంటే మేలు. మేం ఇంకా చాందా జిల్లాలో ఉన్నప్పటి సర్వే నంబర్లు ఇప్పటికీ చెబుతాడు. ఇంట్లో అందరం పోలియో అనే అనుకున్నాం.

ఈమధ్య నాగపూర్‌లో నరాల డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది, 'వయసులో ఉన్నప్పుడు లాఖోళి పప్పు బాగా తిన్నారా?' అని. తిన్నాడు. కరువు రోజుల్లో ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నాడు. కూలి కింద లాఖోళి కొలిచి ఇచ్చేవాళ్లట. రొట్టె దాంతోనే, పప్పు దాంతోనే.

ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ ఈ మాట చెప్పలేదన్నది నా కోపం. అది పక్కన పెడితే, మా అమ్మ ఆయనకు స్వయానా అక్క. అదే ఇంట్లో అదే పప్పు తింది. ఆమె ఇప్పటికీ నాట్లకు పోతుంది. ఆయనకే ఎందుకు వచ్చింది? వచ్చినా కాళ్లకే ఎందుకు వచ్చింది? ఇప్పుడు మా సంతలో ఆ పప్పు మళ్లీ దర్జాగా అమ్ముతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పప్పుచారు_ప్రియుడు
లాఖోళి అంటే ఏది? మా కొరాపుట్ వైపు ఖేసరి అంటారు, అదేనా?

అహేరి_రైతు
అదే. లంకపప్పు అనేవాళ్లూ ఉన్నారు. వరి ఇంకా మడిలో ఉండగానే తడి నేలలో చల్లేస్తాం. దున్నేది లేదు, నీళ్లు పెట్టేది లేదు, ఎరువు లేదు. వరి కోసేసరికి ఇది లేచి ఉంటుంది. వేరే ఏ పప్పూ రాని నేలలో ఇది వస్తుంది. మా తాత తిన్నాడు, మా నాన్న తిన్నాడు, నేను తింటున్నా. మా ఇంట్లో ఎవరికీ కర్ర పట్టే పని రాలేదు. 1961లో కేంద్రం దీని అమ్మకాన్ని నిషేధించింది, సాగును మాత్రం ఆపలేదు. పండించొచ్చు, అమ్మకూడదట! మన మహారాష్ట్ర తర్వాత ఆ నిషేధం ఎత్తేసింది, మంచి పని చేసింది. వేరే పప్పుల వ్యాపారం కోసం పేదోడి పప్పును బద్నాం చేశారని మా వైపు అనుకుంటారు.

పప్పుచారు_ప్రియుడు
తాత, నాన్న, మీరు. ముగ్గురు. పెద్ద సర్వేనే.

ల్యాబ్‌ఎలుక
మాది పర్లాకిమిడి. జీవరసాయనంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, అందుకే ఈ పేరు. ఈ దారం నా కోసమే మొదలుపెట్టినట్టుంది, కాబట్టి పెద్ద పోస్టు భరించండి.

అహేరి అన్నా, మీ ఇంట్లో ఎవరికీ రాకపోవడం నిజమే, శీను అన్న మామకు రావడమూ నిజమే. రెండింటికీ పేచీ లేదు. ఈ జబ్బు పేరు లాథిరిజం. పప్పును అన్నంలోకి కూరగా తింటే రాదు. మూడు నాలుగు నెలల పాటు తిండిలో పెద్ద భాగం అదే అయినప్పుడు వస్తుంది. అందుకే కరువు, వెట్టిచాకిరీ, ఖైదు ఉన్నచోటే దీని చరిత్ర అంతా. మధ్యప్రదేశ్‌లో రీవా వైపు భూస్వాములు పాలేర్లకు కూలి కింద ఇదే ఇచ్చేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న వాప్నియార్కా అనే ఖైదీల శిబిరంలో యూదు ఖైదీలకు రోజుకు 400 గ్రాముల దాకా ఈ గింజలే పెట్టారు. కొన్ని నెలల్లో వందల మందికి కాళ్లు బిగుసుకుపోయాయి. అక్కడే ఖైదీగా ఉన్న ఆర్థర్ కెస్లర్ అనే డాక్టరు కారణం పసిగట్టాడు.

విషం పేరు బీటా ఓడాప్. 1964లో బెంగళూరు సైన్సు సంస్థ ఐఐఎస్‌సీలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఈ గింజల్లోంచి దాన్ని వేరుచేశారు. ఢిల్లీలో ఇంకో బృందం అదే ఏడాది పట్టుకుంది.

ఇక కాళ్లే ఎందుకు అన్నదానికి. మెదడులో ఒక నరకణం ఇంకో నరకణాన్ని ఉత్తేజపరచడానికి గ్లుటమేట్ అనే పదార్థం వాడుతుంది. అది వచ్చి రెండో కణం మీద తన కోసం ఉన్న కుర్చీ లాంటి రిసెప్టర్‌లో కూర్చుంటుంది, పని చెప్పి లేచిపోతుంది. ఓడాప్ అచ్చం దానిలా ఉంటుంది. అదే కుర్చీలో కూర్చుంటుంది, కాకపోతే పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా లేవదు. కణం ఆగకుండా ఉత్తేజంలో ఉండిపోతుంది, లోపలికి కాల్షియం తోసుకొస్తుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో పట్టుకున్నది విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారి ల్యాబ్. అప్పట్లో ఆమె బెంగళూరులోని మెదడు వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్నారు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ వన్ అని మొదటి మజిలీ ఉంటుంది. దాని ప్రోటీన్లలో గంధకం ఉన్న థయాల్ గుంపులు ఉంటాయి. ఒత్తిడికి అవి ఆక్సీకరణ చెందితే కాంప్లెక్స్ వన్ ఆగిపోతుంది. 1998లో వాళ్లు చూపించింది ఏమిటంటే, ఎలుకకు ఓడాప్ ఇస్తే కణం చావకముందే ఈ థయాల్ నష్టం, కాంప్లెక్స్ వన్ మూతపడటం జరుగుతాయి. అదీ మెదడంతా కాదు. కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌లో, వెన్నుపాములో నడుము కింది భాగంలో. కాళ్లు కదలాలంటే ఆ రెండూ కావాలి. మీ మామకు చేతులు, మాట, జ్ఞాపకం బాగుండటానికి అదే కారణం కావచ్చు.

సిరొంచా_శీను
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. 'కణం చావకముందే' అన్నావు కదా, అంటే మధ్యలో ఆపొచ్చా?

ల్యాబ్‌ఎలుక
ఎలుకల్లో ఆపారు. థయాల్ గుంపులను కాపాడే గ్లుటాథయోన్ అందించే మందు కానీ లైపోయిక్ యాసిడ్ కానీ ముందే ఇస్తే కాంప్లెక్స్ వన్ నిలబడింది. 2002లో ఇంకో సంగతి బయటపెట్టారు. చెడిన థయాల్‌ను తిరిగి సరిచేసే ఎంజైమ్ కణంలోనే ఉంది, పేరు గ్లుటారెడాక్సిన్. అది పనిచేస్తే కాంప్లెక్స్ వన్ కోలుకుంటుంది. అంటే కొంతసేపటి దాకా కణం బతకడానికి కొట్టుకుంటోంది, చావు ఇంకా ఖాయం కాలేదు. మనుషుల దగ్గర చిక్కేమిటంటే కాళ్లు బిగిశాకే ఆస్పత్రికి వస్తారు. అప్పటికి ఆ గడువు దాటిపోతుంది. పోయిన నరకణం తిరిగి రాదు.

నాందేడ్_నాగమణి
మగవాళ్లకే ఎందుకు అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను చెప్పనా? జీతానికి ఉన్నది మగవాడు. గింజలు కొలిచిచ్చింది మగవాడికి. పొద్దంతా దొర పొలంలో అవే తిన్నాడు. ఇంట్లో ఆడవాళ్లు చెలక గట్ల మీద దొరికిన ఆకుకూర, జొన్న గటక, మిగిలింది గిగిలింది తిన్నారు. చివర్లో తినడం వల్ల ఒక్కసారైనా లాభం కలిగిందన్నమాట.

పప్పుచారు_ప్రియుడు
మా ఇంట్లో ఈ పోస్టు చూపించకూడదు.

ల్యాబ్‌ఎలుక
నాగమణి అక్క చెప్పింది బలమైన మాటే. నిజానికి ఆడవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకు ఎక్కువ. అయితే ఎలుకల్లో ఆడా మగా ఇద్దరికీ ఒకే మోతాదు ఇచ్చినా తేడా వచ్చింది. ఆడ ఎలుకల మెదడులో గ్లుటారెడాక్సిన్ మొదటి నుంచీ ఎక్కువ, దాని వెనక ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ ఉంది. ఆ ఎంజైమ్‌ను కావాలని తగ్గించి చూస్తే ఆడ ఎలుకలకూ దెబ్బ తగిలింది. 2007లో వచ్చిన పని అది. 2004లో పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) మీద చేసిన పరిశోధనలోనూ ఆడ ఎలుకలకు అదే రక్షణ కనిపించింది. కాబట్టి శీను అన్న అమ్మగారికి రెండూ కలిసొచ్చి ఉండొచ్చు, తిండీ ఒళ్లూ.

బరంపురం_బాబాయి
విజయలక్ష్మి రవీంద్రనాథ్ పేరు చూసి ఆగాను. పుట్టింది మద్రాసులో అయినా బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది మన వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలో! మా రోజుల్లో బరంపురం, పర్లాకిమిడి పిల్లలు పెద్ద చదువు అంటే మెయిల్ ఎక్కి వాల్తేరులో దిగడమే. ఆమె పీహెచ్‌డీ 1981లో మైసూరు నుంచి. 1996లో భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ. మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌కు మొదటి డైరెక్టర్ కూడా ఆమే. మన పేపర్లలో సినిమా వాళ్ల పుట్టినరోజులకు అర పేజీ ఇస్తారు, ఇలాంటివాళ్లకు మూల నాలుగు లైన్లు.

మెడికల్‌షాపు_మూర్తి
అన్నీ బాగున్నాయి. ఎలుకకు నయం, చుంచుకు నయం. ముప్పై ఏళ్ల నుంచి ఎలుకలకే నయం చేస్తున్నారు. నా షాపుకు వచ్చే మనిషికి ఏమిచ్చారు? కాళ్లు బిగుసుకుంటే అప్పుడూ కండరాలు వదులయ్యే మాత్రే, ఇప్పుడూ అదే.

ల్యాబ్‌ఎలుక
@మెడికల్‌షాపు_మూర్తి, మాత్ర రాలేదు, ఒప్పుకుంటా. కానీ ఒక పాత లెక్క తేలింది. గ్లుటాథయోన్ తయారు కావాలంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, సిస్టీన్, మెథియొనీన్. లాఖోళిలో ప్రోటీన్ బోలెడు ఉంది, ఈ రెండే తక్కువ. విషాన్ని ఇచ్చే గింజే విరుగుడుకు కావలసిన సరుకును ఎగ్గొడుతోంది! అదే బియ్యమో జొన్నో కలిస్తే ఆ లోటు తీరుతుంది. ఇథియోపియాలో ఈ జబ్బు ఉన్న ఊళ్లలో చూసినప్పుడు కూడా, ధాన్యం కలిపి తిన్న ఇళ్లలో ముప్పు తక్కువగా ఉంది. అహేరి అన్న ఇంట్లో ముగ్గురూ క్షేమంగా ఉండటానికి కారణం వాళ్ల వరి మడే కావచ్చు.

అహేరి_రైతు
చూశారా. పప్పుది కాదు తప్పు, కూలిది. మనిషికి బియ్యం ఇవ్వకుండా గింజలు పడేస్తే ఏ పప్పు అయినా చంపుతుంది.

గునుపురం_గౌరి
ఏ పప్పు అయినా కాదు. పెసరపప్పు మూడు నెలలు తిన్నా కాళ్లు బిగుసుకోవు. అలా తేలిగ్గా కొట్టేయకండి.

నేను నర్సును. శీను గారూ, నరాల డాక్టరు చూశారు కాబట్టి మీ మామగారి సంగతి వేరు. ఈ దారం చదివి మరొకరు 'మా నాన్నకూ ఇదే' అని ఇంట్లోనే తేల్చేస్తారేమోనని చెబుతున్నా. కాళ్లు బిగుసుకోవడానికి వెన్నెముక క్షయ ఉండొచ్చు, డిస్కు వెన్నుపామును నొక్కుతుండొచ్చు, బి12 లోపం ఉండొచ్చు. ఇవన్నీ వైద్యం ఉన్నవి, ఆలస్యం చేస్తే చేయిదాటేవి. లాథిరిజంలో ఒక గుర్తు ఏమిటంటే, ఆ పప్పు మానేశాక ఇంక ముదరదు, అక్కడే ఆగిపోతుంది. రోజురోజుకీ ఎక్కువవుతోందంటే, చేతులకు పాకుతోందంటే, మూత్రం ఆగుతోందంటే వెంటనే స్కానింగ్‌కు పంపాలి. మా వార్డులో ఒకాయనను ఇంట్లోవాళ్లు వాతం అని నూనెలు రాస్తూ ఉంచేశారు. చివరికి తేలింది వెన్నెముక క్షయ.

సిరొంచా_శీను
గౌరి గారూ, మామది యాభై ఏళ్లలో కొంచెం కూడా ముదరలేదు. అప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే. డాక్టరు కూడా అదే పట్టుకున్నాడు. ఒక సందేహం, ఆయన వికలాంగుల సర్టిఫికెట్ మీద పోలియో అనే ఉంది. మార్పించాలా?

గునుపురం_గౌరి
రాబోయే సారి డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకెళ్లి మెడికల్ బోర్డులో అడగండి. పింఛను శాతాన్ని బట్టి ఇస్తారు. కారణం పేరు కోసం ఉన్న సర్టిఫికెట్‌ను మాత్రం చేజార్చుకోకండి. బిగువు తగ్గే మందులు రాసి ఉంటారు. వాటితో నిద్రమత్తు రావచ్చు, ఈ వయసులో పడిపోకుండా చూడండి. పిక్కలు సాగదీసే వ్యాయామం ఇప్పుడు మొదలుపెట్టినా ఎంతో కొంత ఉపయోగమే.

రాయగడ_రమణ
పార్కిన్సన్స్ మాట వచ్చింది కాబట్టి మధ్యలో దూరుతున్నా. మా నాన్నకు కుడి చెయ్యి వణుకు, గుండీలు పెట్టుకోలేడు, సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. లెవోడోపా మాత్రలు వాడుతున్నాం. మా వీధిలో ఒకాయన దూలగొండి గింజల పొడి ఇవ్వమంటాడు. అందులో అసలు మందే ఉందట, నిజమా? లాఖోళికీ దీనికీ సంబంధం ఉందా?

బరంపురం_బాబాయి
దూలగొండిలో లెవోడోపా ఉన్నది నిజం. దాన్ని ఆ గింజల్లోంచి తీసింది ఎవరో కాదు, 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి. అప్పటికి పార్కిన్సన్స్‌కు అది మందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మా చిన్నప్పుడు ఆ కాయల నూగు బడిలో వాళ్ల చొక్కాల్లో వేసేవాళ్లం. మందని తెలిస్తే మేస్టారు తక్కువ కొట్టేవారేమో.

గునుపురం_గౌరి
రమణ గారూ, మందు ఉంది కాబట్టే భయం. మాత్రలో ఎంత ఉందో స్ట్రిప్ మీద రాసి ఉంటుంది, పొడిలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. రెండూ కలిస్తే వాంతులు, బీపీ పడిపోవడం, ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం దాకా పోవచ్చు. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. పొడి పనిచేస్తోందని మాత్రలు ఒక్కసారిగా ఆపడం అసలే వద్దు.

మెడికల్‌షాపు_మూర్తి
ఈ ఒక్క విషయంలో సిస్టర్‌తో నూరు శాతం. ఆ పొడి నా దగ్గర అడుగుతారు, నేను పెట్టను.

ల్యాబ్‌ఎలుక
రమణ అన్నా, జబ్బులు వేరు. లాఖోళి వల్ల పార్కిన్సన్స్ రాదు. కానీ కణం లోపల దెబ్బతినే చోటు మళ్లీ అదే కాంప్లెక్స్ వన్. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కుర్రాళ్లు కొందరు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు, ముసలివాళ్లకు వచ్చే పార్కిన్సన్స్ లక్షణాలతో. అందులో ఎంపీటీపీ అనే పదార్థం ఉంది. అది మెదడులోకి వెళ్లి మార్పు చెంది, డోపమైన్ తయారుచేసే కణాల్లో కాంప్లెక్స్ వన్‌ను మూసేస్తుంది. నేను పైన చెప్పిన 2004 నాటి పని ఈ ఎంపీటీపీతో చేసిందే. ఒక ల్యాబ్ లాఖోళి నుంచి పార్కిన్సన్స్‌కు నడిచిన దారి అది. చేపలు పట్టడానికి వాడే రోటెనోన్ కూడా అక్కడే దెబ్బ కొడుతుంది.

మెడికల్‌షాపు_మూర్తి
మరి అశ్వగంధ? ఆ విజయలక్ష్మి గారే అశ్వగంధతో మతిమరుపు పోతుందని చెప్పారని చెప్పి జనం డబ్బాలకు డబ్బాలు కొంటున్నారు. నాకు లాభమే అనుకో.

ల్యాబ్‌ఎలుక
2012 నాటి పేపరు. అల్జీమర్స్ వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకలకు అశ్వగంధ సారం నెల రోజులు నోటి ద్వారా ఇచ్చారు. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీన్ తగ్గింది, మరిచిన దారులు గుర్తుపట్టాయి. విచిత్రం ఏమిటంటే మందు పనిచేసింది కాలేయంలో. అక్కడ ఎల్‌ఆర్‌పీ అనే ప్రోటీన్ పెరిగి రక్తంలోంచి అమిలాయిడ్‌ను లాగేసింది, దాంతో మెదడులోది కిందికి దిగింది. అంతవరకే. అవి ఎలుకలు, వాడింది ల్యాబ్‌లో తీసిన సారం, మీ డబ్బాలోది కాదు.

పప్పుచారు_ప్రియుడు
మళ్లీ ఎలుకలే. మూర్తి గారు నవ్వుకుంటున్నారు.

ల్యాబ్‌ఎలుక
నవ్వనీ. ఆమె ఎలుకల దగ్గరే ఆగలేదు. కోలార్ జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి వెంటాడి చూసే అధ్యయనం మొదలైంది. రక్తపరీక్షలు, మెదడు స్కాన్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు. జబ్బు వచ్చాక కాదు, రాకముందు నుంచే. పైన శీను అన్న అడిగిన 'మధ్యలో ఆపొచ్చా' అన్నదానికి మనుషుల్లో జవాబు అలాంటి చోటే దొరకాలి. అక్కడ చాలా ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది కూడా. మన సిరొంచాలోనో గునుపురంలోనో అలాంటిది ఒకటి ఉంటే లాఖోళి గొడవ ఎప్పుడో తేలేది.

నాందేడ్_నాగమణి
సంతలో అమ్మే పప్పు సంగతి ఎవరూ చెప్పలేదు. నేను కందిపప్పు కొంటే అందులో ఇది కలిసిందేమో ఎలా చూడాలి?

అహేరి_రైతు
కంది గుండ్రంగా ఉంటుంది. లాఖోళి గింజ చిన్న గొడ్డలి ముక్క ఆకారం, ఒక పక్క ఏటవాలు, ఇంకో పక్క చదరం. బద్ద చేశాక కూడా ఆ మూల తెలుస్తుంది. తెల్ల పళ్లెంలో పోసి వేలితో పరిస్తే పట్టేయొచ్చు. శనగపిండిలో కలిపితే మాత్రం మా లాంటోళ్లకు కూడా తెలియదు.

గునుపురం_గౌరి
తినేవాళ్లు వేడి నీళ్లలో బాగా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. ఓడాప్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి చాలావరకు పోతుంది. కరువు రోజుల్లో కట్టెలు, నీళ్లు రెండూ లేక ఆ పని కూడా చేసి ఉండరు.

ల్యాబ్‌ఎలుక
విత్తనం మార్చడం ఇంకా మేలు. రతన్, ప్రతీక్, మహాతివడా అని ఓడాప్ 0.1 శాతం లోపు ఉండే రకాలు వచ్చాయి. రెండు ఇబ్బందులు. తేనెటీగలు పక్క చేలోని పాత రకం పుప్పొడి తెస్తే కొన్నేళ్లకు మీ విత్తనం కలగలిసిపోతుంది. ఇక రెండోది, మొక్కకు నీటి ఎద్దడి తగిలితే గింజలో ఓడాప్ పెరుగుతుంది. ఏ ఏడు అన్నీ ఎండి ఇది ఒక్కటే మిగులుతుందో ఆ ఏడే దీనిలో విషం ఎక్కువ.

అహేరి_రైతు
ఇది నాకు కొత్త. ఎండిన ఏడు గింజ చేదుగా ఉంటుందని కూడా ఎవరూ అనలేదే?

ల్యాబ్‌ఎలుక
రుచిలో తెలియదు అన్నా. అదే ప్రమాదం.

సిరొంచా_శీను
రాత్రి మామకు ఇదంతా చదివి వినిపించా. కాంప్లెక్స్ వన్ దగ్గర నిద్రపోయాడు కానీ కూలి మాట రాగానే లేచి కూర్చున్నాడు. ఆ దొర ఇంట్లో కూడా లాఖోళి వండేవాళ్లట. అన్నంలోకి, నెయ్యి వేసుకుని. వాళ్ల కొడుకు, మామ ఒకే ఈడువాళ్లు. ఆయన నిరుడు దాకా సైకిల్ తొక్కాడు.

నాందేడ్_నాగమణి
ఈ దారం మొత్తంలో నాకు కావలసిన సాక్ష్యం ఇదొక్కటే.

అహేరి_రైతు
నేను మొదట్లో అన్నదీ ఇదే కదా శీనూ. పప్పు మానను. కానీ పాత విత్తనం సంగతి ఆలోచించాలి. గడ్చిరోలి కృషి విజ్ఞాన కేంద్రంలో రతన్ దొరుకుతుందేమో ఈ వరి కోతల్లోపు అడుగుతా. పక్క చేను మా పెదనాన్న కొడుకుది, వాడు ఒప్పుకోకపోతే ఆ తేనెటీగల గొడవ ఉండనే ఉంది.

మోడరేటర్
విత్తనం కావలసినవాళ్లు ఇక్కడ ఫోన్ నంబర్లు పెట్టకండి, సందేశం పంపుకోండి. దూలగొండి పొడి అమ్ముతామని వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.